కెర్నెల్‌లో క్యాష్ మిస్‌లు తగ్గించడం: కొలత నుంచి కమిట్ దాకా

రాత్రి పదకొండున్నర. విశాఖ మద్దిలపాలెంలో మా ఇంట్లో కూర్చుని, ఫోన్‌లో మా టీమ్ కుర్రాడితో "క్యాష్ మిస్ అవుతోంది, ఎక్కడ పోతోందో దొరకట్లేదు" అంటున్నాను. పక్క గదిలోంచి అమ్మ లేచి వచ్చింది. "ఏట్రా, ఎంత పోయింది?" అని కంగారు. ఆ క్యాష్ వేరే అని చెప్పాక, "డబ్బు కానప్పుడు దానికోసం నిద్ర మానుకోడం ఎందుకు" అనేసి వెళ్లి పడుకుంది.

మేం ఏడుస్తున్నది లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయైన కెర్నెల్‌లో చేరే ఒక చిన్న మాడ్యూల్ గురించి. నెట్‌వర్క్ కార్డు నుంచి వచ్చే ప్యాకెట్లని రూల్స్‌తో పోల్చి, లెక్కపెట్టి, పైకి పంపడమే దాని పని. 4 కోర్ల మీద బాగా నడిచింది. 8 మీద ఇంకా బాగా నడిచింది. 16కి వెళ్లగానే 8 మీద కన్నా నెమ్మదించింది. కోర్లు పెంచితే పని తగ్గడమేమిటి? ఆ చిక్కు ఎలా విప్పామో వరసగా రాస్తున్నాను. సీ భాషలో మాడ్యూల్ రాయగలిగి, లైనక్స్ కెర్నెల్‌ని సొంతంగా బిల్డ్ చేసుకోగలిగిన వాళ్లకి ఇది పనికొస్తుంది.

ముందు: ఏ క్యాష్?

లైనక్స్‌లో ఈ మాటకి కనీసం మూడు అర్థాలున్నాయి. డిస్క్ నుంచి చదివిన ఫైళ్లని ర్యామ్‌లో ఉంచుకునేది పేజ్ క్యాష్. కెర్నెల్ తన సొంత ఆబ్జెక్టుల కోసం సిద్ధంగా పెట్టుకునేది స్లాబ్ క్యాష్. ప్రాసెసర్ లోపల ఉండేది సీపీయూ క్యాష్. ఇక్కడ మన పని మూడోదానితో. రెండోది దానికి సాయం చేస్తుంది కాబట్టి మధ్యలో వస్తుంది. మొదటిదాని గురించి ఒక్కమాట: డ్రాప్ క్యాషెస్ ఫైల్లో 3 రాస్తే సిస్టమ్ చురుగ్గా అవుతుందని చెప్పే చిట్కాలు చాలా తిరుగుతుంటాయి. అది దాచుకున్న ఫైళ్లనీ, వాటి పేర్ల వివరాలనీ పారేస్తుంది, అంతే. వాటిని మళ్లీ డిస్క్ నుంచే చదవాలి. ఖాళీ స్థితి నుంచి పరీక్ష మొదలుపెట్టాలనుకున్నప్పుడు తప్ప దానితో పనిలేదు.

సీపీయూ క్యాష్ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే తెల్లవారుజామున మన ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి. వేలం పాటలో చేపలు గంపల లెక్కన పోతాయి. మీకు కావలసింది ఒక్క వంజరమే అయినా గంప ఎత్తాల్సిందే. ప్రాసెసర్ కూడా ర్యామ్ దగ్గర అలాగే కొంటుంది. ఒక్క బైటు అడిగినా గంప మొత్తం వస్తుంది. మన ఎక్స్86 మెషీన్లలో గంపకి 64 బైట్లు. దీన్నే క్యాష్ లైన్ అంటారు. ఇందులో ఇంకో నియమం ఉంది. గంపలో ఏదైనా మార్చాలంటే అది ఆ ఒక్క కోర్ చేతిలోనే ఉండాలి. మిగతా కోర్ల దగ్గరున్న నకళ్లన్నీ ఆ క్షణంలో చెల్లకుండా పోతాయి. వాళ్లకి మళ్లీ కావాలంటే మళ్లీ తెచ్చుకోవాలి.

సీపీయూ క్యాష్‌లో ఎల్1, ఎల్2, ఎల్3 అని అంచెలుంటాయి, ఎల్1 కోర్‌కి అన్నిటికన్నా దగ్గరిది. కావలసింది ఒక అంచెలో దొరక్క ఇంకా దూరం వెళ్లాల్సి రావడమే క్యాష్ మిస్. తెచ్చుకోవడానికి పట్టే సమయం చూడండి, సైకిల్ అంటే ప్రాసెసర్ గడియారంలో ఒక టిక్కు. ఎల్1లో ఉంటే 4, 5 సైకిళ్లు. ఎల్2లో ఉంటే సుమారు 14. ఎల్3 దాకా వెళ్తే 40 నుంచి 70. ర్యామ్ దాకా వెళ్తే 80 నుంచి 100 నానోసెకన్లు, అంటే 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి 240 నుంచి 300 సైకిళ్లు. ఇవి సర్వర్ ప్రాసెసర్లలో మామూలుగా కనిపించే అంకెలు, మోడల్‌ని బట్టి అటూ ఇటూ అవుతాయి.

నా అనుభవంలో కెర్నెల్ కోడ్‌కి వచ్చే క్యాష్ కష్టాల్లో ఎక్కువ భాగం క్యాష్ చాలకపోవడం వల్ల రావు. ఎవరు రాసేది ఎవరు చదివేదాని పక్కన ఉందో చూసుకోకపోవడం వల్ల వస్తాయి. కింది మెట్లన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

1. మెషీన్‌ని తెలుసుకోండి

ఎల్ఎస్‌సీపీయూ కొట్టండి. ఎన్ని సాకెట్లు (ప్రాసెసర్ చిప్ కూర్చునే చోట్లు), ఎన్ని న్యూమా నోడ్లు (తమకి దగ్గరగా సొంత ర్యామ్ ఉన్న కోర్ల గుంపులు), ఏ స్థాయి క్యాష్ ఎంత ఉందో చెబుతుంది. లైన్ సైజు నమ్మకంగా కావాలంటే సిస్ ఫైల్‌సిస్టమ్‌లో సీపీయూ0 కింద క్యాష్ ఫోల్డర్‌కి వెళ్లి, ఇండెక్స్0లో కోహిరెన్సీ లైన్ సైజ్ అనే ఫైల్ చూడండి. ఎల్3ని ఏ ఏ కోర్లు పంచుకుంటున్నాయో కూడా ఆ చుట్టుపక్కల ఫైళ్లలోనే ఉంటుంది. అది రాసిపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

2. కొలవండి, కానీ అంకెని వెంటనే నమ్మకండి

కొలతకి ముందు ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ని పెర్ఫార్మెన్స్‌కి మార్చండి. పరీక్ష ప్రోగ్రామ్‌ని టాస్క్‌సెట్‌తో కోర్లకి కట్టేయండి. ఆ తరవాత లైనక్స్ కొలత టూల్ అయిన పెర్ఫ్‌లోని పెర్ఫ్ స్టాట్‌ని మైనస్ ఆర్ 10 అని పెట్టి పదిసార్లు నడపండి. సగటుతోపాటు ఎంత తేడా వస్తోందో కూడా చూపిస్తుంది. తేడా 5 శాతం ఉన్నచోట 3 శాతం మెరుగుదల వచ్చిందని పండగ చేసుకోకూడదు.

క్లౌడ్‌లో అద్దెకి తీసుకున్న వర్చువల్ మెషీన్‌లో కొలుస్తుంటే చాలాసార్లు "నాట్ సపోర్టెడ్" అని వస్తుంది. హార్డ్‌వేర్ కౌంటర్లని లోపలికి ఇవ్వరు. ఈ పనికి అసలు మెషీనే కావాలి. మా ఆఫీసులో ఏసీ సరిగ్గా తగలని మూల ఒక పాత సర్వర్ ఉంది. మే నెల మధ్యాహ్నం కొలిస్తే ఒక అంకె, రాత్రి కొలిస్తే ఇంకో అంకె వచ్చేది. ప్రాసెసర్ వేడెక్కి క్లాక్ తగ్గించుకునేదని తరవాత అర్థమైంది. విశాఖ ఉక్కపోత కూడా బెంచ్‌మార్క్‌లో భాగమే, ఏం చేస్తాం.

ఇప్పుడు అసలు ఉచ్చు. మేం మొదట చూసింది ఆఖరి స్థాయి క్యాష్ (ఎల్3) మిస్‌ల అంకె. అది 8 కోర్లకీ 16 కోర్లకీ పెద్దగా మారలేదు. "అన్నా, క్యాష్ బాగానే ఉంది, ఇంకేదో సమస్య" అన్నాడు మా కుర్రాడు. రెండు రోజులు లాక్‌ల (ఒకేసారి ఇద్దరు ఒకే డేటాని మార్చకుండా ఆపేవి) వెంట పడ్డాం. కానీ సైకిల్‌కి ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు నడుస్తున్నాయన్న అంకె మాత్రం ఘోరంగా పడిపోయింది. కారణం ఏమిటంటే, ఒకే సాకెట్‌లో ఒక కోర్ రాసిన లైన్‌ని ఇంకో కోర్ అడిగితే అది పక్క కోర్ క్యాష్ నుంచే వచ్చేస్తుంది. ర్యామ్ దాకా వెళ్లదు కాబట్టి చాలా ప్రాసెసర్లలో అది ఆఖరి స్థాయి మిస్‌గా లెక్కకి రాదు. సమయం మాత్రం పోతుంది. అందుకని మిస్ శాతం ఒక్కటే చూడకండి. సైకిళ్లు, ఇన్‌స్ట్రక్షన్లు, మిస్‌లు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. మిస్‌లని వెయ్యి ఇన్‌స్ట్రక్షన్లకి ఎన్ని అని లెక్కేస్తే పోలిక సులువు. క్యాష్ మిసెస్ అనే పేరుకి అర్థం ప్రాసెసర్‌ని బట్టి మారుతుంది కాబట్టి రెండు కంపెనీల ప్రాసెసర్ల అంకెలు ఒకదానితో ఒకటి పోల్చకండి.

3. ఏ లైన్ కోసం కొట్టుకుంటున్నారో పట్టుకోండి

దీనికి పెర్ఫ్ సీ2సీ ఉంది. 2017లో లైనక్స్ 4.10తో వచ్చింది. పెర్ఫ్ సీ2సీ రికార్డ్‌తో కొన్ని సెకన్లు నడిపి, పెర్ఫ్ సీ2సీ రిపోర్ట్‌తో చూడాలి. మెమరీ యాక్సెస్‌లని సాంపిల్ చేసే సౌకర్యం ప్రాసెసర్‌లో ఉండాలి.

రిపోర్ట్‌లో వెతకాల్సిన మాట హిట్‌ఎమ్. "నాకు కావలసిన లైన్ ఇంకో కోర్ దగ్గర మార్పులతో ఉంది" అని అర్థం. లోకల్ అంటే అదే సాకెట్, రిమోట్ అంటే పక్క సాకెట్. రిమోట్‌ది ఇంకా ఖరీదు. హిట్‌ఎమ్‌లు ఎక్కువున్న లైన్ పైన ఉంటుంది. దాన్ని విప్పితే ఆ 64 బైట్లలో ఏ ఆఫ్‌సెట్‌ని (మొదటి నుంచి ఎన్నో బైటు) ఏ ఫంక్షన్, ఏ కోర్ల నుంచి చదివిందో, రాసిందో వస్తుంది.

మా రిపోర్ట్‌లో పై వరస చూడగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆఫ్‌సెట్ 8 దగ్గర రూల్స్ టేబుల్ పాయింటర్. ప్రతి ప్యాకెట్‌కీ అన్ని కోర్లూ చదువుతాయి, ఎవరూ మార్చరు. ఆఫ్‌సెట్ 16 దగ్గర మొత్తం ప్యాకెట్ల కౌంటర్. ప్రతి ప్యాకెట్‌కీ అన్ని కోర్లూ అందులో రాస్తాయి. రెండూ ఒకే గంపలో. ఒక కోర్ కౌంటర్ పెంచిన ప్రతిసారీ మిగతా 15 కోర్ల దగ్గరున్న రూల్స్ పాయింటర్ చెల్లకుండా పోతోంది. దీన్నే ఫాల్స్ షేరింగ్ అంటారు. ఆ రెండు ఫీల్డులనీ పక్కపక్కన పెట్టింది నేనే. అప్పట్లో చూడ్డానికి బాగుందని.

4. స్ట్రక్చర్‌ని విప్పి చూడండి

పాహోల్ అనే టూల్ డ్వార్వ్స్ ప్యాకేజీలో వస్తుంది. దీన్ని రాసింది ఆర్నాల్డో కార్వాల్హో డి మెలో. డీబగ్ సమాచారంతో బిల్డ్ చేసిన కెర్నెల్ మీద గానీ మాడ్యూల్ మీద గానీ మైనస్ పెద్ద సీ తరవాత స్ట్రక్చర్ పేరు ఇస్తే, ప్రతి ఫీల్డ్ ఏ ఆఫ్‌సెట్‌లో ఉందో, ఎక్కడెక్కడ ఖాళీలున్నాయో, క్యాష్ లైన్ హద్దులు ఎక్కడ పడుతున్నాయో గీత గీసి చూపిస్తుంది.

ఒక ఉదాహరణ చేతితో లెక్కేద్దాం. వరసగా ఈ ఫీల్డులున్నాయి: 1 బైటు ఫ్లాగ్, 8 బైట్ల కౌంటర్, 1 బైటు స్టేట్, 8 బైట్ల పాయింటర్, 4 బైట్ల ఇంటీజర్, 8 బైట్ల టైమ్‌స్టాంప్. అన్నీ కలిపితే 30 బైట్లే. కానీ 8 బైట్ల ఫీల్డ్ 8తో భాగమయ్యే చోటే కూర్చుంటుంది కాబట్టి మధ్యలో 7, 7, 4 బైట్ల ఖాళీలు వచ్చి మొత్తం 48 అవుతుంది. ఇలాంటివి 64తో భాగమయ్యే చోట మొదలుపెట్టి వరసగా పేర్చితే ప్రతి నాలుగింటిలో రెండు ఆబ్జెక్టులు లైన్ హద్దు మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంటాయి. అదే పెద్ద ఫీల్డులు ముందు, చిన్నవి చివర పెడితే 32 బైట్లు. ఒక్కో లైన్‌లో సరిగ్గా రెండు పడతాయి. కోడ్ లాజిక్‌లో ఒక్క అక్షరం మారలేదు.

అయితే ఖాళీలు పూడ్చడం దగ్గరే ఆగిపోవద్దు. చాలామంది అక్కడ ఆగిపోతారు. ఫీల్డ్‌లని ఇంకో చూపుతో వేరు చేయాలి. ఒక కాగితం తీసుకుని ప్రతి ఫీల్డ్ పక్కన రెండు సంగతులు రాయండి: ఇది ఎప్పుడు తాకబడుతుంది, ఎవరు రాస్తారు. మా కాగితం మీద నాలుగు గుంపులు తేలాయి. ప్రతి ప్యాకెట్‌కీ చదివేవి, దాదాపు మారనివి ఒక గుంపు. ప్రతి ప్యాకెట్‌కీ రాసేవి ఒకటి. సెట్టింగ్ మారినప్పుడు మాత్రమే తాకేవి ఇంకోటి. మొదలుపెట్టినప్పుడు ఒకసారి వాడి వదిలేసేవి ఆఖరిది. మొదటి గుంపు ఒక లైన్‌లో సర్దుకోవాలి, రెండోది దానికి దూరంగా వేరే లైన్‌లో ఉండాలి. మిగతావి ఎక్కడున్నా పర్వాలేదు.

దీనికి పెద్ద ఉదాహరణ లైనక్స్ నెట్‌వర్కింగ్ కోడే. 2024లో వచ్చిన 6.8లో నెట్‌వర్క్ సాకెట్ (ప్రాసెసర్ సాకెట్ కాదు), నెట్‌వర్క్ డివైస్ లాంటి ముఖ్యమైన స్ట్రక్చర్ల ఫీల్డులని ఈ పద్ధతిలో తిరగ పేర్చారు. కనెక్షన్లు ఎక్కువగా ఉన్నప్పుడు టీసీపీ వేగం 40 శాతం దాకా పెరిగిందని ఆ మార్పుల సారాంశంలోనే రాశారు. కొత్త అల్గారిదమ్ ఏమీ లేదు, ఫీల్డులు చోటు మారాయి అంతే.

లాక్ ఎక్కడ పెట్టాలన్నది ఎప్పుడూ వచ్చే సందేహం. పోటీ తక్కువున్న లాక్ అయితే అది కాపాడే డేటా పక్కనే పెట్టండి, రెండూ ఒకే గంపలో వచ్చేస్తాయి. పోటీ ఎక్కువైతే దూరం పెట్టండి. లేకపోతే లాక్ కోసం వచ్చేవాళ్లు, లాక్ చేతిలో ఉండి పని చేసుకుంటున్నవాడి డేటాని పదేపదే లాగేస్తారు.

5. విడదీయండి, కానీ పిసినారిగా

"అన్నా, కౌంటర్‌కి క్యాష్‌లైన్ అలైన్డ్ పెట్టేద్దామా?" అన్నాడు మావాడు. పెట్టాం. క్యాష్‌లైన్ అలైన్డ్ ఇన్ ఎస్ఎంపీ అనే గుర్తు పెడితే ఆ ఫీల్డ్ కొత్త లైన్ మొదట్లో మొదలవుతుంది. రూల్స్ పాయింటర్‌కి ఊపిరాడింది. 16 కోర్ల వేగం 8 కోర్ల వేగాన్ని దాటింది. కానీ కొంచెమే.

ఈ గుర్తుని ప్రతి ఫీల్డ్‌కీ పెట్టుకుంటూ పోతే స్ట్రక్చర్ ఉబ్బిపోతుంది. వేల సంఖ్యలో ఉండే ఆబ్జెక్ట్‌లో ఒక్కో గుర్తుకి 63 బైట్ల దాకా వృథా అయి, ఆ ఉబ్బుతోనే కొత్త మిస్‌లు వస్తాయి. స్ట్రక్చర్‌లో ఒకటి, మహా అయితే రెండు చోట్ల.

6. పంచుకోవడమే మానేయండి

కౌంటర్‌ని వేరే లైన్‌లోకి పంపినా 16 కోర్లూ ఇంకా ఆ ఒక్క లైన్ కోసమే కొట్టుకుంటున్నాయి. ఇది ఫాల్స్ షేరింగ్ కాదు, నిజమైన షేరింగే. అలైన్‌మెంట్ దీన్ని నయం చేయలేదు. ఏ కోర్ లెక్క ఆ కోర్ రాసుకోవాలి, అడిగినప్పుడు అన్నీ కూడాలి.

లైనక్స్‌లో దీనికి పర్ సీపీయూ వేరియబుల్స్ ఉన్నాయి. ఎలాక్ పర్సీపీయూతో తీసుకుని, దిస్ సీపీయూ ఇంక్‌తో పెంచండి. ఎక్స్86లో ఆ పెంపు ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో అయిపోతుంది. లాక్ అక్కర్లేదు, ప్రీఎంప్షన్ (నడుస్తున్న పనిని మధ్యలో పక్కకి తప్పించడం) ఆపక్కర్లేదు. చదివేటప్పుడు మాత్రం అన్ని కోర్ల విలువలూ కూడాలి, అది నెమ్మది. సెకనుకి లక్షసార్లు రాసి, నిమిషానికోసారి చదివే లెక్కలకి ఈ బేరం లాభమే.

పరిమితి దాటామా లేదా అని తరచూ చూసుకోవాల్సిన కౌంటర్ అయితే పర్సీపీయూ కౌంటర్ అనే రెడీమేడ్ స్ట్రక్చర్ వాడండి. ప్రతి కోర్ తన దగ్గర కొంత పోగుచేసి, బ్యాచ్ నిండాక మొత్తానికి కలుపుతుంది. బ్యాచ్ మామూలుగా 32, లేదా కోర్ల సంఖ్యకి రెట్టింపు, రెండిట్లో ఏది పెద్దదైతే అది. రీడ్ ఫంక్షన్ ఉజ్జాయింపు విలువ ఇస్తుంది, సమ్ ఫంక్షన్ అన్నీ కూడి ఇస్తుంది. డబ్బులాంటి కచ్చితమైన లెక్కలకి రీడ్‌ని నమ్ముకుంటే అమ్మ అడిగిన ప్రశ్నే మళ్లీ వస్తుంది.

7. రాయక్కర్లేనప్పుడు రాయకండి

పర్ సీపీయూ చేశాక మళ్లీ సీ2సీ నడిపితే పై వరసకి కొత్త లైన్ వచ్చింది. అందులో "యాక్టివ్" అనే ఫ్లాగ్. ప్రతి ప్యాకెట్‌కీ దాంట్లో 1 రాస్తున్నాం. అది అప్పటికే 1. అదే విలువ మళ్లీ రాసినా ప్రాసెసర్‌కి అది రాతే, లైన్ మొత్తాన్ని లాక్కుంటుంది. ముందు చదివి, 0 అయితేనే రాసేలా మార్చాం. ఒక్క ఇఫ్. చదవడం వరకే అయితే అన్ని కోర్లూ తలో నకలు పెట్టుకుని హాయిగా ఉంటాయి. చదివేచోట రీడ్ వన్స్, రాసేచోట రైట్ వన్స్ వాడండి, కంపైలర్ సొంత తెలివి చూపించకుండా. ఇలాంటివి కెర్నెల్‌లో చాలానే దొరుకుతాయి. సెట్ బిట్‌కి ముందు టెస్ట్ బిట్ పెట్టడం ఈ కోవకే చెందుతుంది.

గ్లోబల్ వేరియబుల్స్‌లో బూట్ తరవాత అసలు మారనివాటికి ఆర్ఓ ఆఫ్టర్ ఇనిట్, అరుదుగా మారేవాటికి రీడ్ మోస్ట్‌లీ అని గుర్తు పెట్టండి. అవి వేరే సెక్షన్‌లోకి వెళ్తాయి. రీడ్ మోస్ట్‌లీని విచ్చలవిడిగా వాడితే మామూలు సెక్షన్‌లో తరచూ రాసేవే మిగిలి ఒకదానికొకటి తగులుకుంటాయి. హాట్ పాత్‌లో, అంటే పదేపదే నడిచే కోడ్‌లో, చదివేవాటికే పెట్టండి.

రూల్స్ టేబుల్ లాంటివాటికి రీడర్-రైటర్ లాక్ పెట్టాలనిపిస్తుంది. ఆగండి. చదివేవాడు కూడా ఆ లాక్‌లో రాయాలి కదా, అంటే మళ్లీ అదే గొడవ. దీనికి బదులు ఆర్‌సీయూ (రీడ్-కాపీ-అప్‌డేట్) ఉంది. అందులో చదివేవాడు పంచుకునే మెమరీలో ఏమీ రాయడు. 2002లో 2.5.43తో కెర్నెల్‌లోకి వచ్చిన ఈ పద్ధతి ఇప్పుడు ప్రతి మూలా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

8. ఆబ్జెక్టులు ఎక్కడ పుడుతున్నాయి

1994లో సోలారిస్ 2.4 కోసం జెఫ్ బోన్‌విక్ స్లాబ్ అలొకేటర్ (ఆబ్జెక్టులకి మెమరీ పంచేది) రూపొందించినప్పుడే సీపీయూ క్యాష్‌ని లెక్కలోకి తీసుకున్నాడు. ఆ కోవకి చెందిన అలొకేటర్లలో లైనక్స్‌లో ఇప్పుడు మిగిలింది స్లబ్ ఒక్కటే. స్లాబ్ అన్న పేరుతోనే ఉన్న పాతది 2024లో 6.8తో వెళ్లిపోయింది.

కెర్నెల్‌లో మెమరీ అడిగే ఫంక్షన్ కేమాలక్. దాని సైజులు 8, 16, 32, 64, 96, 128, 192, 256 ఇలా ఉంటాయి. 200 బైట్లు అడిగితే 256 ఇస్తుంది. కాబట్టి 200ని 192కి కుదించగలిగితే లాభం, 250ని 200కి కుదిస్తే ఏమీ ఉండదు. ఒకే రకం ఆబ్జెక్టులు ఎక్కువగా కావాలంటే కేమెమ్ క్యాష్ క్రియేట్‌తో సొంత క్యాష్ పెట్టుకోండి. హెచ్‌డబ్ల్యూక్యాష్ అలైన్ ఫ్లాగ్ ఇస్తే లైన్ హద్దుకి సర్దుతుంది. ఆబ్జెక్ట్ లైన్‌లో సగం కన్నా చిన్నదైతే పూర్తి 64కి సాగదీయదు, 32 హద్దుకి దిగుతుంది, అదీ చాలకపోతే ఇంకా కిందకి.

ఏ కోర్ మీద తీసుకున్నారో అదే కోర్ మీద విడుదల చేస్తే స్లబ్ వేగంగా పనిచేస్తుంది. ఇప్పుడే వదిలిన ఆబ్జెక్ట్ మళ్లీ చేతికొస్తుంది, క్యాష్‌లో ఇంకా వెచ్చగా ఉంటుంది. ఒక కోర్ మీద తీసుకుని ఇంకో కోర్ మీద వదిలే డిజైన్ అయితే చాలాసార్లు నెమ్మది దారి పడుతుంది. రెండు సాకెట్ల మెషీన్‌లో ఏ నోడ్ మెమరీ కావాలో చెప్పడానికి కేమాలక్ నోడ్ ఉంది.

9. త్వరగా చూసేయాల్సినవి

లింక్డ్ లిస్ట్‌లో ప్రతి అడుగూ ఒక కొత్త మిస్ కావచ్చు. చిన్న సెట్‌కి అరే చాలు. 2022లో 6.1 నుంచి ప్రాసెస్ మెమరీ ప్రాంతాల కోసం రెడ్-బ్లాక్ ట్రీ స్థానంలో మేపుల్ ట్రీ వచ్చింది. ఒక్కో నోడ్‌లో చాలా ఎంట్రీలు ఉండడం వల్ల పాయింటర్ల వెంట దూకే అవసరం తగ్గింది.

ప్రీఫెచ్ (కావలసిన లైన్‌ని ముందే తెప్పించుకోవడం) జోలికి చివరిదాకా వెళ్లకండి. లిస్ట్ తిరిగే మాక్రోలలో ఒకప్పుడు ప్రీఫెచ్ ఉండేది. మేలు కన్నా కీడే ఎక్కువని తేలి 2011లో 3.0 నాటికి తీసేశారు. హార్డ్‌వేరే ఇప్పుడు ఆ పని మనకన్నా బాగా చేస్తుంది.

కోడ్‌ని దాచుకునే ఇన్‌స్ట్రక్షన్ క్యాష్ కోసం ఎర్రర్ దారులని అన్‌లైక్లీ (ఇటు రావడం అరుదు అని కంపైలర్‌కి చెప్పే గుర్తు)తో పక్కకి తోయండి, పెద్ద ఫంక్షన్లని ఇన్‌లైన్ చేయకండి. ఇంతకన్నా ఎక్కువ ఆలోచించాల్సిన సందర్భం నాకు రాలేదు.

10. పని నిలబడేలా చేయండి

ఒక్కో మార్పు ఒక్కో కమిట్. ముందు అంకె, తరవాత అంకె, ప్రాసెసర్ మోడల్, కోర్ల సంఖ్య, ఏ పరీక్ష నడిపారో కమిట్ సందేశంలోనే రాయండి. 1 కోర్ మీద కూడా కొలవండి. 16 మీద లాభం వచ్చి 1 మీద నష్టం వస్తే ఆ సంగతి దాచకండి.

ఆరు నెలల తరవాత ఎవరో వచ్చి హాట్ గుంపు మధ్యలో కొత్త ఫీల్డ్ పెడతారు. దానికి మందు 6.8లోనే ఉంది. క్యాష్‌లైన్ గ్రూప్ బిగిన్, ఎండ్ అనే గుర్తుల మధ్య ఫీల్డులు పెట్టి, అసర్ట్ మాక్రోలతో ఏ ఫీల్డ్ ఏ గుంపులో ఉండాలో, గుంపు ఎంత సైజు మించకూడదో రాసేయవచ్చు. ఎవరైనా చెడగొడితే బిల్డ్ దగ్గరే ఆగిపోతుంది. స్ట్రక్చర్ల ఫీల్డులని యాదృచ్ఛికంగా కలిపేసే ర్యాండ్‌స్ట్రక్ట్ ఆప్షన్ ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోండి. అది పూర్తి స్థాయిలో ఉంటే, ఆ ఆప్షన్ ముట్టుకునే స్ట్రక్చర్లలో మీరు కష్టపడి పేర్చిన వరస ఉండదు.

మా మాడ్యూల్‌లో మూడు మార్పులయ్యాయి: ఒక అలైన్‌మెంట్, ఒక పర్ సీపీయూ కౌంటర్, ఒక ఇఫ్. మొత్తం కలిపి ఇరవై లైన్ల లోపు. శుక్రవారం సాయంత్రం ఆఖరిసారి సీ2సీ నడిపాం. పాత లైన్లు రెండూ పోయాయి. పై వరసలో ఇప్పుడు మా మాడ్యూల్ లేదు, నెట్‌వర్క్ డ్రైవర్ ఉంది. మావాడు దాన్ని కూడా విప్పబోతుంటే, సోమవారం చూద్దాంలే అని మానిటర్ ఆపేశాను.